పాటలకు కవర్లు గీసే అమ్మాయి, టెన్షన్ పడే అమ్మ

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. ఎప్పుడు చూసినా చెవుల్లో ఇయర్‌ఫోన్స్, చేతిలో ట్యాబ్. నచ్చిన పాటకల్లా ఒక కవర్ గీస్తుంది. మొన్న వాళ్ల సీనియర్ ఎవరో యూట్యూబ్‌లో పెట్టే ప్రైవేట్ సాంగ్‌కి పోస్టర్ చేయించుకుని 500 రూపాయలు ఇచ్చాడు. ఇక అప్పటి నుంచి ఇంజినీరింగ్ వద్దు, ఆల్బమ్ కవర్ డిజైనర్ అవుతానంటోంది. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? మాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, తెనాలి

జవాబు: చేదు మాట ముందే చెప్పేస్తానమ్మా. ‘ఆల్బమ్ కవర్ డిజైనర్ కావలెను’ అనే ప్రకటన మన దగ్గర నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆ పని వేరే పేర్లతో రోజూ జరుగుతూనే ఉంది. సినిమా పోస్టర్ అడుగున ‘పబ్లిసిటీ డిజైన్స్’ అని ఒక పేరు ఉంటుంది, గమనించారా? టైటిల్ లోగో, ఫస్ట్ లుక్, లిరికల్ వీడియో పోస్టర్ అన్నీ వాళ్ల చేతుల మీదుగా వచ్చేవే. తెలంగాణ ఫోక్ సాంగ్స్‌కి, భక్తి పాటలకు థంబ్‌నెయిల్స్ చేసేవాళ్లు వేరే. వీళ్లలో చాలామందికి నెల గడిచేది మాత్రం బట్టల షాపు బ్రోచర్లు, యాప్ స్క్రీన్లు, ప్యాకెట్ల డిజైన్లతోనే. మీ అమ్మాయి చదవాల్సింది కమ్యూనికేషన్ డిజైన్, అంటే బొమ్మలు, అక్షరాలతో విషయం చెప్పే చదువు. పాటల కవర్లు అందులో ఒక గది.

ఆ గదిలోకి తొంగిచూస్తే ఏముందో ఆమెకూ తెలియాలి. ఒకప్పుడు అమెరికాలో నాలుగైదు గ్రామఫోన్ రికార్డులను ఫొటో ఆల్బమ్‌లాంటి అట్టల మధ్య పెట్టి అమ్మేవారు. ‘ఆల్బమ్’ అనే మాట అలా వచ్చిందే. పైన ఉత్త అట్ట, దాని మీద పేరు, అంతే. కొలంబియా రికార్డ్స్‌లో చేరిన అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రాడు 1940లో ఒక రికార్డు కోసం న్యూయార్క్‌లో ఒక థియేటర్ ముందున్న లైట్ల బోర్డు మీద పేర్లు మార్పించి, ఫొటో తీయించి, దాన్ని అట్ట మీదికి ఎక్కించాడు. పాట వినకముందే కన్ను వినడం అక్కడ మొదలైంది.

పాటకీ బొమ్మకీ ముడి ఎలా పడుతుందో చెప్పడానికి నేను ఎప్పుడూ పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ వాళ్ల 1973 ఆల్బమ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ చూపిస్తాను. ముందు అట్ట మీద గాజు పట్టకం, అందులోంచి విడిపోయే రంగులు. అది టీషర్టుల మీద అందరూ చూసిందే. అట్ట తెరిస్తే లోపల ఆ రంగుల్లోని ఆకుపచ్చ గీత ఈసీజీలా ఎగిసిపడుతూ ఉంటుంది. ఎందుకంటే ఆ ఆల్బమ్ మొదలయ్యేదీ, ముగిసేదీ గుండె చప్పుడుతోనే. వినకపోతే ఆ గీత గీయాలని తోచదు.

అలాగని పాటలంటే ప్రాణం పెట్టేవాళ్లకే ఈ పని వస్తుందనుకోకండి. జాజ్ సంగీతానికి బ్లూ నోట్ అనే రికార్డుల కంపెనీ కవర్లు ఇప్పటికీ పాఠాలే. వాటిని చేసిన రీడ్ మైల్స్‌కి జాజ్ మీద పెద్ద ఇష్టం లేదు, ఆయన శాస్త్రీయ సంగీతం వినే మనిషి. కంపెనీ యజమాని ఆల్‌ఫ్రెడ్ లయన్ ఆ రికార్డు ఎలా ఉంటుందో చెప్తే, ఫ్రాన్సిస్ వోల్ఫ్ తీసిన ఫొటోలు పెట్టుకుని అక్షరాలతో ఆడుకునేవాడు. ఎదుటివాళ్లు చెప్పేది చెవి పెట్టి వినడం అన్నమాట. మీ అమ్మాయికి నచ్చని పాటకి కూడా కవర్ చేయమని చెప్పి చూడండి. నేనైతే ముందు అదే అడుగుతాను.

ఇంకో పరీక్ష కూడా ఉంది. మ్యూజిక్ యాప్‌లకు పంపేటప్పుడు సాధారణంగా 3000 x 3000 పిక్సెళ్ల చదరపు బొమ్మ అడుగుతారు. వినేవాడు చూసేది మాత్రం ఫోన్‌లో బొటనవేలి గోరంత. ఆ సైజులో ఇంగ్లిష్ పేరు ఎలాగోలా బతుకుతుంది. తెలుగులో ‘లక్ష్మి’ అని రాసి చూడమనండి. క్ష కింద మ ఒత్తు మచ్చలా మిగులుతుంది, గుడి పక్క అక్షరంలో కలిసిపోతుంది. రెండు వరుసల టైటిలైతే పై వరుస ఒత్తులు కింది వరుస తలకట్లకు తగులుతాయి. దీన్ని సరిచేయగలిగిన అమ్మాయికి మన దగ్గర పని దొరుకుతుంది, ఎందుకంటే చాలామంది డిజైనర్లు తెలుగు అనగానే ఏదో ఒక ఫాంట్ అతికించి చేతులు దులుపుకుంటారు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, మండలి, ధూర్జటి లాంటివి ఉచితంగా ఉన్నాయి, వాటితో మొదలుపెట్టవచ్చు.

చదువు సంగతి. ఎంపీసీ చదివింది వృథా కాదు, బీడిజైన్ అనే డిజైన్ డిగ్రీ ప్రవేశ పరీక్ష యూసీడ్‌కి ఏ గ్రూప్ అయినా పర్వాలేదు. ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది, ఐఐటీ హైదరాబాద్‌లో కూడా బీడిజైన్ ఉంది. వరుసగా రెండేళ్లలో రెండు సార్లే రాయనిస్తారు. ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వాళ్ల పరీక్ష డ్యాట్, ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఎన్‌ఐడీ ఉంది. ఈ రెండింటికీ దరఖాస్తులు దసరా, దీపావళి రోజుల్లోనే మొదలవుతుంటాయి. మన పిల్లలు ఇంటర్ పరీక్షలయ్యాక మార్చిలో అడుగుతారు, అప్పటికి బస్సు వెళ్లిపోయి ఉంటుంది. అవి తప్పితే హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్ఏ అప్లయిడ్ ఆర్ట్ అనే నాలుగేళ్ల ఆర్ట్ డిగ్రీ ఉంది, దాని ఎంట్రన్స్ ఎండాకాలంలో వస్తుంది. ఫీజులు కాలేజీకీ కాలేజీకీ చాలా తేడా. ప్రైవేట్ డిజైన్ కాలేజీలో చేర్చే ముందు అక్కడి ఫైనలియర్ పిల్లల ఫోలియోలు (వాళ్లు చేసిన పనుల ఫైళ్లు) చూపించమని అడగండి, బిల్డింగ్ చూసి రాకండి.

ఆ 500 గురించి కూడా ఒక మాట. తక్కువేమీ కాదు, మొదటి సంపాదన. కాకపోతే గూగుల్‌లో దొరికిన ఫొటో ఏదైనా వాడిందేమో అడగండి. రేపు ఆ ఫొటో తీసినవాడు కాపీరైట్ అంటే పాట పెట్టిన ఆ సీనియరూ, గీసిన మీ అమ్మాయీ ఇబ్బంది పడొచ్చు. ఇకపై సగం అడ్వాన్స్ తీసుకుని, ఎన్ని మార్పులు చేసిస్తుందో ముందే వాట్సాప్‌లో రాసి పెట్టమనండి.

ఆ పోస్టర్‌కి ముందు గీసి, నచ్చక పక్కన పెట్టినవి ట్యాబ్‌లో ఉండే ఉంటాయి. వాటిని డిలీట్ చేయనివ్వకండి. ఫోలియో చూసేవాళ్లు పూర్తయిన బొమ్మను ఒక నిమిషం చూసి, ‘దీనికి ముందు ఏం ప్రయత్నించావు?’ అని అడిగేది వాటి గురించే.