ఫుట్‌నోట్లు పక్కన పెట్టి మళ్లీ రాయి

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. అమెరికా నల్లజాతి స్త్రీవాద రచయిత్రి బెల్ హుక్స్‌ని ఇంత శ్రద్ధగా చదివిన పిల్ల మన మధ్య ఉందని సంతోషపడ్డాను. ఇక కోపం సంగతి చెబుతాను.

పద్నాలుగు పేజీలకి అరవై రెండు ఫుట్‌నోట్లు పెట్టావు. ఎవరి గురించి? ఫుట్‌నోట్లు వద్దని తన మొదటి స్త్రీవాద పుస్తకంలోంచి కావాలని తీసేసిన మనిషి గురించి. 1981లో ఆ పుస్తకం, ‘ఎయింట్ ఐ ఎ వుమన్’, వచ్చినప్పుడు అది సరైన పరిశోధన కాదన్న వాళ్లు చూపించిన లోపాల్లో ఇదొకటి. ఆమె ఊరికే తీసెయ్యలేదు. ఫుట్‌నోట్లున్న పుస్తకం చేతికొస్తే మీకేమనిపిస్తుందని రకరకాల జనాన్ని అడిగింది. ఇది కాలేజీ చదువులు చదివినవాళ్ల కోసం రాసిందనిపిస్తుందని ఎక్కువమంది చెప్పారు. తాను ఎవరికోసం రాస్తోందో వాళ్లే పుస్తకం మూసేస్తారని అర్థమయ్యాక ఆమె ఇంకేం ఆలోచించలేదు. ఈ సంగతి నీ వ్యాసంలో లేకపోలేదు, నలభై ఒకటో ఫుట్‌నోటులో ఉంది. అక్కడే నాకు ఒళ్లు మండింది.

నేను మొదటినుంచీ పట్టుకుని ఉన్న మాట ఒకటుంది, ఎవరేమన్నా వదల్లేదు. ఒక మనిషి ఆలోచన గురించి రాయాలంటే ముందు ఆ మనిషి ఇంట్లో ఎవరు ఏం పని చేసేవాళ్లో, పనికి ఏ దారిన వెళ్లేవాళ్లో రాయాలి. సిద్ధాంతం ఆ దారిలోంచే రావాలి. నువ్వేమో ‘అంచు, కేంద్రం అనే భావనలను ఆమె ప్రతిపాదించారు’ అని ఒక్క వాక్యం రాసి దాటిపోయావు. ఆ అంచు ఏమిటనుకున్నావు? రైలు పట్టాలమ్మా! అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో హాప్కిన్స్‌విల్ అనే చిన్న ఊరు. పట్టాలకి ఇవతల నల్లవాళ్ల ఇళ్లు. అవతల బాగుచేసిన రోడ్లు, వీళ్లు లోపలికి పోకూడని కొట్లు, కూర్చుని తినకూడని హోటళ్లు, సూటిగా మొహంలోకి చూడకూడని మనుషులు. పనిమనుషులుగా, ఊడ్చి తుడిచేవాళ్లుగా అటు వెళ్లొచ్చు, అదీ పని ఉన్నంతసేపే. పనయ్యాక పట్టాలు దాటి వెనక్కి వచ్చెయ్యాలి. అలా చూసుకోవడానికి చట్టాలు కూడా ఉండేవి. ఆమె తల్లి రోజా బెల్ తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేసింది. రోజూ అటూ ఇటూ నడిచినవాళ్లకి రెండు వైపులా తెలుస్తాయి, అవతలివాళ్లకి తమ వైపు ఒక్కటే తెలుసు. 1984లో వచ్చిన ‘ఫెమినిస్ట్ థియరీ: ఫ్రమ్ మార్జిన్ టు సెంటర్’ ముందుమాటలో ఆమె చెప్పింది ఇదే.

ఇది ముందు రాసి ఉంటే, అమెరికా తెల్లజాతి స్త్రీవాది బెట్టీ ఫ్రీడన్‌తో ఆమె తగాదాని వివరించడానికి నీకు మూడు పేజీలు పట్టేవి కావు. 1963లో ఫ్రీడన్ చదువుకున్న తెల్ల గృహిణుల విసుగుని ఆడవాళ్లందరి కష్టంగా రాసింది. సరే, వాళ్లు ఇల్లు వదిలి ఉద్యోగాలకి వెళితే ఆ ఇల్లూ పిల్లల్నీ ఎవరు చూసుకోవాలి అని బెల్ హుక్స్ అడిగింది. ఇంటిపని చేసే తల్లికి పుట్టిన కూతురు ఈ ప్రశ్న అడగకుండా ఎలా ఉంటుంది? తొంభైల్లో మన దళిత స్త్రీలు మన స్త్రీవాదుల్ని నిలదీసిందీ దీనికి దగ్గర ప్రశ్నే.

నీకు ఎవరో చెప్పి ఉంటారు, సైద్ధాంతిక చట్రం లేకపోతే వ్యాసం కాదని. నాకూ చెప్పారు. మా పిన్ని గుంటూరులో పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగ్ చేసేది. సీజన్లో ఇంటికొస్తే ఒంటినిండా ఘాటు, ఎంత తోముకున్నా వేళ్లకి పట్టిన జిగురు మరక వదిలేది కాదు. ఆ చేత్తో అన్నం కలుపుకుంటే చేదు తగులుతుందని చెంచాతో తినేది. ఆ ఆడవాళ్ల మీద నేనో వ్యాసం రాశాను. తూకం దగ్గర మేస్త్రీ ఏం చేసేవాడో, దానివల్ల కూలి ఎంత తెగేదో అందులో ఉంది. ఒక పత్రిక వేసింది. కానీ ఆ సంపాదకుడు మేస్త్రీని పూర్తిగా కొట్టేసి, ఆ చోటులో ఫ్రెంచి పండితుల పేర్లతో తన పేరాలు కూర్చాడు. నన్ను మాట మాత్రం అడగలేదు. పత్రిక తెచ్చి పిన్నికి చదివి వినిపించాను. “మా మేస్త్రీ ఏడే ఇందులో?” అంది. ఆ సంపాదకుణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ రోజుల్లో ఆదివారం అనుబంధాల్లో విదేశీ పేర్లు ఎన్ని ఉంటే అంత గొప్ప వ్యాసం. ఇప్పుడూ అదే నడుస్తోంది, పేర్లు మారాయంతే.

బెల్ హుక్స్‌కీ సుఖంగా ఏమీ జరగలేదు. అసలు పేరు గ్లోరియా జీన్ వాట్కిన్స్. ‘ఎయింట్ ఐ ఎ వుమన్’ మొదలుపెట్టినప్పుడు వయసు పంతొమ్మిది, టెలిఫోన్ ఆపరేటర్‌గా రోజంతా డ్యూటీ. రాసుకునేది డ్యూటీ అయ్యాకే. రాయి, ఈ పుస్తకం కావాలి అని ఆమెకి బలమిచ్చింది తనతో పనిచేసిన నల్లజాతి ఆడవాళ్లు. అచ్చు కావడానికి ఏళ్లు పట్టింది. నీ వ్యాసంలో టెలిఫోన్ ఆఫీసు ఏది? ఆమె చదివిన స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఉంది, విస్కాన్సిన్ యూనివర్సిటీ ఉంది, 1983 నాటి డాక్టరేట్ ఉంది. ఆ పేరు గురించి కూడా పేజీన్నర రాశావు, ఇంగ్లీషులో క్యాపిటల్స్ లేకుండా చిన్న అక్షరాలతో ఎందుకు రాసుకుందని. ‘నన్ను కాదు, పుస్తకంలో ఉన్నది చూడండి’ అనడానికి. ఒక వాక్యం చాలు. దానికి బదులు ఆ పేరు ఎలా దొరికిందో రాయి. చిన్నపిల్లగా సందు చివర కొట్టుకి బబుల్ గమ్ కొనుక్కోవడానికి వెళ్లి ఒక పెద్దమనిషికి ఎదురు సమాధానం చెప్పింది. ఇది బెల్ హుక్స్ తాలూకు పిల్లే అయ్యుంటుంది అన్నారు అక్కడివాళ్లు. ముత్తవ్వ పేరది, మాట అనడానికి జడిసే మనిషి కాదు. ఆ కొట్టు దగ్గరే నీ వ్యాసం మొదలవ్వొచ్చు.

ఆమె రాసిన ముప్పైకి పైగా పుస్తకాలూ ఒక్క ఎత్తున ఉండవు. చివరి కాలంలో చెప్పిందే చెప్పిన చోట్లున్నాయి. అది రాయడానికి నువ్వు భయపడ్డావు, భయపడకు. కానీ 2004లో పెద్ద నగరాలు వదిలి కెంటకీకి తిరిగొచ్చి, ఫీజు తీసుకోకుండా పిల్లలందరిచేతా పని చేయించి చదువు చెప్పే బెరియా కాలేజీలో చేరడాన్ని ఒక్క ముక్కలో తేల్చెయ్యకు. 2021 డిసెంబరులో పోయిందీ ఆ ఊళ్లోనే.

ఇక తొమ్మిదో పేజీ. మీ అమ్మ అపార్ట్‌మెంట్లలో వంట చేస్తుందని, ఆవిడ గ్లాసు మాత్రం వేరుగా కిటికీ గూట్లో బోర్లించి ఉంటుందని మూడు వాక్యాలు రాసి, ‘ఇది ప్రస్తుత చర్చకు సంబంధించినది కాదు’ అని కొట్టేశావు. గీత కింద చదువుకున్నాను. నాకు కళ్లు చెమర్చాయి. వ్యాసం మొత్తంలో నువ్వు రాసింది ఆ మూడు వాక్యాలే, తక్కినదంతా వేరేవాళ్లది. 1990లో ‘యర్నింగ్’ అనే పుస్తకంలో బెల్ హుక్స్ ఏం రాసింది? పగలంతా పరాయి ఇళ్లలో చాకిరీ చేసి, మిగిలిన కాస్త ఓపికతో తమ పిల్లలకి మనుషులుగా నిలబడే చోటు చేసిపెట్టిన నల్లజాతి తల్లుల గురించి రాసింది. అది ఆడదాని సహజ గుణమని సరిపెట్టుకోవద్దు, వాళ్లు తెలిసి చేసిన ప్రతిఘటన అంది. ఇది చదివిన నువ్వే అమ్మని కొట్టేస్తే ఎలా?

కొట్టేసింది మళ్లీ రాయి. ఎన్ని ఇళ్లు, నెలకి ఎంత, ఏ పండక్కి సెలవు, మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని తింటుంది, అన్నీ అమ్మనే అడుగు. రాశాక అమ్మకి చదివి వినిపించు. ఎక్కడ ఆపి “ఇదేంటే?” అంటుందో అక్కడ గుర్తు పెట్టుకుని నాకు పంపు. ముందు ఆ పేజీలు చూస్తాను.

ఆశీస్సులతో,
గుంటూరు నుంచి