పాస్తా ఇంట్లో వండితే నిజంగా మిగులుతుందా?

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. భార్యాభర్తలిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, చేతికి కలిపి నెలకు 94,000 వస్తుంది. అద్దె, పాప స్కూలు ఫీజు, కారు ఈఎంఐ పోగా నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు. ఏడేళ్ల మా పాపకు క్రీమీ చికెన్ పాస్తా అంటే ప్రాణం. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది కాబట్టి వారంలో రెండుసార్లు రెండేసి ప్లేట్లు ఆర్డర్ పెడుతున్నాం. ఒక్కోసారి 770 అవుతోంది. ఇంట్లోనే చేద్దామని సామాన్లు తెస్తే 1,480 అయింది. క్రీమ్ సగం పాడైపోతే పారబోశాను. "దీనికన్నా ఆర్డరే నయం కదమ్మా" అంటున్నారు మా అత్తగారు. క్రెడిట్ కార్డు మీద 42,000 బాకీ ఉంది, మినిమం డ్యూ మాత్రం కడుతున్నాం. తిండి దగ్గర పొదుపు చేస్తే ఈ బాకీ తీరుతుందా?

జవాబు: తీరుతుంది. పాప పాస్తా మానక్కర్లేదు కూడా. కానీ మీ ఉత్తరంలో రెండు లెక్కలు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీద్దాం.

1,480 అన్నది మీరు దుకాణంలో కట్టిన బిల్లు. ఆ రాత్రి పాస్తాకు అయిన ఖర్చు అది కాదు. మీరు పంపిన బిల్లు చూశాను. విదేశీ పాస్తా ప్యాకెట్ 250, పర్మెజాన్ చీజ్ 350, చిన్న ఆలివ్ ఆయిల్ సీసా 350, బోన్‌లెస్ చికెన్ అరకిలో 220, ఫ్రెష్ క్రీమ్ 75, ఒరెగానో, చిల్లీ ఫ్లేక్స్ సీసాలు రెండూ కలిపి 180, పుట్టగొడుగులు 55. వీటిలో ఆ రోజు గిన్నెలో పడింది ఎంత? పాస్తా సగం, చీజ్‌లో ఐదో వంతు, నూనె రెండు చెంచాలు, సీసాల్లోంచి చిటికెడు పొడులు. చికెన్, పుట్టగొడుగులు మొత్తం వాడేశారు. క్రీమ్ సగం పారబోశారు కనుక దాన్ని పూర్తి ధరకే లెక్కేద్దాం. అన్నీ కలిపితే 575 దగ్గర తేలుతుంది. అది కూడా నలుగురు తిన్నారు. ఆర్డర్ పెట్టినప్పుడు 770కి ఇద్దరికి సరిపడా వస్తోంది. అంటే ఖరీదైన సరుకులతో చేసినా, కొంత పారబోసినా, ఇంటి వంటే చవక. మీ అత్తగారితో ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి, ఆవిడ అడిగిన ప్రశ్న చాలా న్యాయమైనది.

అయితే 575 కూడా ఎక్కువే. సగం కంటే తక్కువలో వస్తుంది. అందుకు నాలుగు మార్చాలి: క్రీమ్, చీజ్, పాస్తా, చికెన్ కొనే పద్ధతి.

క్రీమ్ అసలు కొనకండి. మీ ఇంట్లో రోజూ పాలు కాస్తారు కదా, పైన మీగడ కడుతుంది. నెయ్యి కోసం అత్తగారు దాచే మీగడలోంచి ఆ రోజుది, పులవనిది, రెండు చెంచాలు అడిగి తీసుకోండి. సాస్‌కు చిక్కదనం వెన్న, మైదా, పాలు ఇస్తాయి. పైన ఆ మీగడ కలిస్తే హోటల్ రుచి వస్తుంది. పర్మెజాన్ బదులు మామూలు చీజ్ క్యూబులు రెండు చాలు. పాస్తాకు విదేశీ ప్యాకెట్ అవసరం లేదు. దురం గోధుమ రవ్వతో చేసినదని ప్యాకెట్ మీద రాసి ఉంటే మన దేశంలో తయారైనదే ముద్దవకుండా ఉడుకుతుంది, అరకిలో 100 రూపాయల దగ్గర దొరుకుతుంది. ఆలివ్ ఆయిల్ సీసా ఎలాగూ కొన్నారు కాబట్టి అయిపోయేదాకా వాడండి, మళ్లీ కొనకండి.

చికెన్ విషయంలో మాత్రం కొంచెం ముందుచూపు కావాలి. ఆదివారం కూరకు ఎలాగూ తెస్తారు. స్కిన్‌లెస్ కోడి కిలోంబావు తీసుకుని, చెస్ట్ పీసులు మాత్రం ఎముక తీసి వేరే కవర్లో వేయమని షాపు అబ్బాయికి చెప్పండి. దాదాపు 300 గ్రాములు వస్తుంది. మిగతాది ఎముకలతో సహా ఆదివారం కూరకు బాగుంటుంది. స్కిన్‌లెస్ కిలో 270 అనుకుంటే ఆ 300 గ్రాములు మీకు 81 రూపాయలకే పడ్డట్టు. అదే బోన్‌లెస్ విడిగా కొంటే కిలో 420 దాకా ఉంటుంది. ఇంటికి రాగానే చెస్ట్ పీసుల్ని సన్నగా కోసి డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో వేయండి. వండే రోజు పొద్దున ఆఫీసుకు వెళ్లేముందు ఆ డబ్బాను ఫ్రీజర్లోంచి కింద ఫ్రిజ్‌లోకి మార్చితే సాయంత్రానికి మెత్తబడుతుంది. చాలా ఇళ్లలో ఆర్డర్ పెట్టే పరిస్థితి వచ్చేది ఇక్కడే: రాత్రి ఎనిమిదింటికి చూస్తే చికెన్ రాయిలా గడ్డకట్టి ఉంటుంది, ఓపిక అక్కడితో అయిపోతుంది, చెయ్యి ఫోన్ మీదకు పోతుంది.

ఇక నలుగురికి ఒక పూట ఖర్చు చూద్దాం. పాస్తా పావుకిలో 50, చికెన్ 81, అరలీటరు పాలు 30, వెన్న 30 గ్రాములు 18, చీజ్ క్యూబులు రెండు 34, క్యాప్సికం, క్యారెట్ కలిపి 15, ఉల్లిపాయ, వెల్లుల్లి, మిరియాల పొడి 12, మైదా 2, గ్యాస్ 8. మొత్తం 250. ప్లేటు 63 రూపాయల లోపే. మీ వీధిలో ధరలు పదో పరకో అటూఇటూ ఉండొచ్చు, లెక్క మాత్రం పెద్దగా మారదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి పాస్తా, వెన్న, చీజ్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మరో పక్క ఆర్డర్ బిల్లులో వంటకం ధరకు తోడు ప్యాకింగ్, 5 శాతం జీఎస్టీ, డెలివరీ చార్జీ, ప్లాట్‌ఫామ్ ఫీజు వస్తాయి. ఈ ప్లాట్‌ఫామ్ ఫీజు 2023లో 2 రూపాయలతో మొదలైంది, ఇప్పుడెంత ఉందో మీ చివరి బిల్లులో చూడండి. మీ 770లో వంటకం ధర 660 మాత్రమే. 110 రూపాయలు తినని వాటికి కట్టారు.

వండటం గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. సాస్ ఒకసారి గడ్డలు కడితే మళ్లీ ఆ జోలికి పోరు, నేనిచ్చే లెక్క మొత్తం అక్కడితో ఆగిపోతుంది. ఒక పొయ్యి మీద ఎక్కువ నీళ్లు మరిగించి ఉప్పు వేసి పాస్తా వేయండి. ప్యాకెట్ మీద రాసిన సమయానికి ఒక నిమిషం ముందే దించాలి. వార్చేముందు ఆ నీళ్లు ఒక గరిటెడు పక్కన పెట్టుకోండి. రెండో పొయ్యి మీద బాండీలో కొంచెం వెన్న వేసి, ఉప్పు, మిరియాల పొడి పట్టించిన చికెన్ ముక్కలు వేయించి, లోపల ఎర్రదనం పూర్తిగా పోయాక తీసేయండి. సన్నగా కోశారు కనుక ఆరేడు నిమిషాలు చాలు. అదే బాండీలో ఉల్లి, వెల్లుల్లి, కూరగాయ ముక్కలు వేయించి వాటినీ తీయండి. మిగతా వెన్న కరిగించి, మంట బాగా తగ్గించి, మూడు చెంచాల మైదా వేసి పచ్చివాసన పోయేదాకా కలపండి. రంగు మారనివ్వద్దు. ఇప్పుడు కాచి చల్లార్చిన పాలు ముందు పావు గ్లాసు మాత్రం పోసి గబగబా కలపాలి. అది మెత్తని ముద్దలా అయ్యాక మరికొంచెం, అది కలిశాక ఇంకొంచెం. ఒకేసారి పోస్తేనే గడ్డలు కడుతుంది. గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలబడేంత చిక్కబడగానే పొయ్యి ఆపేసి చీజ్ తురుము, మీగడ కలపండి. తర్వాత పాస్తా, చికెన్, ముక్కలు వేసి, పక్కన పెట్టిన నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పలుచన చేసుకోండి. చల్లారే కొద్దీ సాస్ గట్టిపడుతుంది కనుక కాస్త పలచగా ఉన్నప్పుడే వడ్డించడం మంచిది. మైదా వద్దనుకుంటే గోధుమపిండి వాడొచ్చు. రంగు కాస్త గోధుమగా వస్తుంది, పాప అభ్యంతరం చెప్పకపోతే అదే మేలు. మొత్తం అరగంట పని. ఆర్డర్ రావడానికీ దాదాపు అంతే పడుతుంది.

వారంలో రెండోసారికి చెస్ట్ పీసులు మిగలవు కదా, అప్పుడు బోన్‌లెస్ కొనాల్సి వస్తుంది. ఆ పూట 295 వేసుకోండి. అంటే వారానికి 545. ఇప్పుడు మీరు పెడుతున్నది 1,540. తేడా 995, నెలకు సుమారు 4,300.

ఇక బాకీ సంగతి. నన్ను నిజంగా కలవరపెట్టింది పాస్తా కాదు, మీ ఉత్తరంలో చివరన వచ్చిన మినిమం డ్యూ, అంటే బ్యాంకు ఆ నెలకు అడిగే కనీస మొత్తం, అన్న మాట. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3.5 శాతం దగ్గర ఉంటుంది, మీది ఎంతో స్టేట్‌మెంట్‌లో రాసి ఉంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. 42,000 మీద ఈ రెండూ కలిపి నెలకు 1,735. మీరు మినిమం డ్యూగా కడుతున్న 2,100లో అసలులోకి పోతున్నది 365 మాత్రమే. కొత్తగా ఒక్క రూపాయి గీకకుండా నెలనెలా ఇదే 2,100 కడుతూ పోయినా మూడున్నరేళ్లు దాటుతుంది, వడ్డీ రూపంలోనే 48,000 పైగా పోతుంది. 42,000 బాకీకి 48,000 వడ్డీ! బాకీ తగ్గేకొద్దీ బ్యాంకు అడిగే మినిమం డ్యూ కూడా తగ్గుతుంది. అంతే కడుతూ పోతే గడువు ఇంకా సాగుతుంది.

మరో సంగతి చాలామందికి తెలియదు. పాత బాకీ పూర్తిగా కట్టకుండా మోస్తున్నప్పుడు, కొత్త ఖర్చుకు ఆ నలభై యాభై రోజుల వడ్డీ లేని గడువు వర్తించదు. గీకిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. మీరు కార్డుతో పెట్టే పాస్తా ఆర్డర్ మీద కూడా అంతే. 770 తీరేదాకా నెలకు మరో 32 రూపాయలు దాని వెనక నడుస్తుంటాయి. అందుకే మీకు నా మొదటి సలహా: ఫుడ్ యాప్‌లోంచి కార్డు వివరాలు ఈ రోజే తీసేయండి. బాకీ తీరేవరకు ఆ కార్డుతో ఏమీ కొనకండి.

రెండోది ఇంకా ముఖ్యం. మిగిలిన డబ్బు ఖాతాలో అలా ఉండిపోతే నెలాఖరుకు కనిపించదు. ఇది నేను ఎన్నో కుటుంబాల లెక్కల్లో చూశాను. ఖర్చు తగ్గించామంటారు, బాకీ మాత్రం అంతే ఉంటుంది. అందుకని పాస్తా వండిన రాత్రే, గిన్నెలు కడగడానికి ముందే, ఫోన్లోంచి కార్డు బాకీలోకి 500 కట్టేయండి. కార్డు వడ్డీ రోజువారీ బాకీ మీద లెక్కిస్తారు కాబట్టి గడువు తేదీ దాకా ఆగకుండా ముందే కట్టిన ప్రతి రూపాయి వడ్డీ తగ్గిస్తుంది. 2,100 మాత్రం ఎప్పటిలా గడువు తేదీ లోపల విడిగా కట్టాలి. బ్యాంకు అడిగే మొత్తం తగ్గినా మీరు తగ్గించకండి.

2,100కు 4,300 కలిస్తే 6,400. అలా కడితే ఎనిమిది నెలల్లో బాకీ మొత్తం తీరుతుంది, వడ్డీ 8,000 దగ్గర ఆగుతుంది. నలభై వేలు మిగులుతున్నాయి ఇక్కడ. నెలకు ఒక్కసారైనా బయటి పాస్తా తినాలని పాప అడిగితే తెప్పించండి, యూపీఐతో కట్టండి. దానివల్ల గడువు తొమ్మిది నెలలు అవుతుంది, అంతే. పిల్లను ఏడిపించి చేసే పొదుపు రెండు నెలలు కూడా నిలవదు. ఈలోగా బ్యాంకుకు ఫోన్ చేసి బాకీని తక్కువ వడ్డీకి ఈఎంఐగా మారుస్తారేమో అడగండి. ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ ఎంతో కనుక్కుని, వడ్డీలో తగ్గేది వాటికన్నా ఎక్కువైతేనే ఒప్పుకోండి.

బాకీ తీరిన నెల నుంచి ఆ 6,400 ఖర్చుల్లోకి జారిపోకుండా చూడాలి. జీతం పడిన మర్నాడే 4,400 రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లేలా బ్యాంకులో పెట్టేయండి. మీకు అత్యవసర నిధి ఉన్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. కనీసం రెండు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంటే మళ్లీ కార్డు దగ్గరకు వెళ్లే పని ఉండదు. మిగతా 2,000 పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతాలో వేయండి. ప్రస్తుతం ఏడాదికి 8.2 శాతం వడ్డీ ఇస్తోంది, ప్రభుత్వం మూడు నెలలకోసారి దాన్ని సమీక్షిస్తుంది. పాపకు 18 ఏళ్లు నిండాక పై చదువుకు నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు. పోస్టాఫీసులోనూ బ్యాంకుల్లోనూ 250 రూపాయలతో తెరవొచ్చు, కానీ అమ్మాయికి పదేళ్లు నిండకముందే తెరవాలి. మీ పాపకు ఏడేళ్లు కనుక సమయం ఉంది. జనన ధ్రువీకరణ పత్రం, మీ ఆధార్, పాన్ సిద్ధంగా పెట్టుకుని ఖాతా ఇప్పుడే 250తో తెరిచి ఉంచండి. పెద్ద మొత్తాలు బాకీ తీరాక వేద్దురు గాని.