బ్యాడ్జ్ పిల్లాడిది, సంతకం పెద్దాయనది

పోయిన సంచికలో స్కౌట్స్ అండ్ గైడ్స్ గురించి ఇక్కడే నాలుగు మాటలు రాశాను. దానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి, ఎక్కువగా విశాఖ నుంచే. పేర్లు తీసేసి కొన్నింటికి జవాబులిస్తున్నాను.

మా బాబు ఏడో తరగతి, ఈ ఏడాదే స్కౌట్స్‌లో చేరాడు. వాడి ఫ్రెండ్ చొక్కా నిండా బ్యాడ్జీలే, వీడికి ఒక్కటీ లేదు. ఏడాది తిరిగేలోగా కనీసం పదైనా రావాలంటే ఏం చేయాలి? లాగ్‌బుక్ నేను రాసిపెడితే తప్పా? – ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

తప్పేనండి. లాగ్‌బుక్ అంటే పిల్లాడు తాను చేసిన పనులు తనే రాసుకునే పుస్తకం. అది మీరు రాస్తే బ్యాడ్జ్ ఇచ్చే ముందు పరీక్ష చేసే ఆయనకి మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. పన్నెండేళ్ల కుర్రాడు "క్యాంపులో వంట చేయుట ద్వారా స్వావలంబన అలవడినది" అని రాయడు కదా. "అన్నం మాడింది, కింద రాయి కదిలి గిన్నె ఒరిగింది" అని రాస్తాడు, ఆయనకి కావలసిందీ అదే. రాయి ఎందుకు కదిలింది, రెండోసారి ఏం చేశావ్ అని అక్కణ్ణుంచే అడుగుతాడు. మీరు రాసిన పేజీ మీద అలా అడిగితే పిల్లాడు నీళ్లు నములుతాడు.

ఇక పది బ్యాడ్జీల సంగతి. ఇక్కడ రెండు దారులున్నాయి, చాలామంది తల్లిదండ్రులు రెంటినీ కలిపేసి టెన్షన్ పడుతుంటారు. ఒకటి మెట్ల దారి: ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, ఆ పైన రాజ్య పురస్కార్, చివర రాష్ట్రపతి అవార్డు. ఇందులో ఒకటి వదిలి ఇంకోటి ఎక్కడానికి లేదు, ఒక్కో మెట్టు మీద కొన్ని నెలలు ఉండాల్సిందే, ఎంత చురుకైన పిల్లాడైనా సరే. రెండోది ప్రొఫిషియెన్సీ బ్యాడ్జీలు: వంట, సైకిల్, తోటపని, ప్రథమ చికిత్స, కరెంటు పని, దారి చూపడం, ఇలాంటివి. వీటిలో పిల్లాడికి ఇష్టమైనవి ఎంచుకోవచ్చు, పై మెట్లకి మాత్రం కొన్ని తప్పనిసరిగా ఉండాలి. మీవాడికి సైకిల్ పిచ్చి ఉంటే దానితోనే మొదలుపెట్టించండి. పంక్చర్ వేయడం, చైన్ ఎక్కించడం, బ్రేకు బిగించడం మీ వీధి చివర సైకిల్ షాపాయన దగ్గర నేర్చుకోవచ్చు. ఆయనకి స్కౌట్స్ గురించి ఏమీ తెలియకపోయినా పర్వాలేదు, నేర్పేవాడికి పని వస్తే చాలు. ఏడాదికి ఇన్ని అని లెక్క పెట్టుకోకండి.

ప్రథమ చికిత్స పరీక్షలో మా అమ్మాయి కాలిన చోట టూత్‌పేస్ట్ రాయాలని చెప్పిందట, మళ్లీ రమ్మని పంపేశారు. మా ఇంట్లో మా అమ్మమ్మ కాలం నుంచి అదే చేస్తున్నాం. ఇంత చిన్నదానికి ఫెయిల్ చేస్తారా? – మర్రిపాలెం

చేస్తారు, చేయాలి కూడా. కాలిన వెంటనే చేయాల్సింది చల్లటి కుళాయి నీటి ధార కింద ఇరవై నిమిషాలు ఉంచడం. ఐసు వద్దు, వెన్న వద్దు, సిరా వద్దు, పేస్టు వద్దు. పేస్టు రాస్తే వేడి లోపలే ఉండిపోతుంది, తర్వాత డాక్టరు దాన్ని కడిగి తీయాలి, అప్పుడు ఏడ్చేది మీ అమ్మాయే. ఉంగరాలు, గాజులు ఉంటే వాపు రాకముందే తీసేయాలి, బొబ్బలు చిదమకూడదు. పాము కాటుకీ పాత అలవాట్లు వద్దు, పైన తాడు బిగించి కట్టడం, కోసి రక్తం పీల్చడం సినిమాల్లోనే. కరిచిన కాలు కదలకుండా ఉంచి వీలైనంత త్వరగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి, మన ఊళ్లో అయితే కేజీహెచ్‌కి, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రికి. కంబాలకొండ అడవి పక్కన కాలనీల్లో ఉండేవాళ్లకి ఇది పుస్తకం ముచ్చట కాదు.

మళ్లీ రమ్మన్నారంటే తలుపు మూసేశారని కాదండి. ఈసారి అడిగినప్పుడు మీ అమ్మాయి సరిగ్గా చెబితే బ్యాడ్జ్ ఇస్తారు. ఈలోగా మీరూ ఇంట్లో పేస్టు మానేయండి.

స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. పిల్లలకి నేర్పాలని ఉంది. నాలాంటి వాళ్లని రానిస్తారా? వస్తే ఏం చేయాలి? – గాజువాక

మీలాంటి వాళ్ల కోసమే ఎదురు చూస్తుంటారండి. స్కౌట్ మాస్టర్ అంటే ఎక్కువచోట్ల స్కూల్లో లెక్కలో, సోషలో చెప్పే టీచరే. ఆయనకి ముడులు, క్యాంపు, జెండా తెలుస్తాయి, ఫ్యూజు ఎందుకు పోయిందో తెలియాలని ఎక్కడుంది? మీ దగ్గర్లో ట్రూప్, అంటే స్కౌట్ల జట్టు, ఉన్న స్కూలుకి వెళ్లి ఆయనతో మాట్లాడండి, లేదా భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ జిల్లా శాఖని అడగండి. ఇక్కడి రైల్వే వాళ్లకీ సొంతంగా ట్రూపులున్నాయి.

ముందే ఒకటి తేల్చుకోండి, మీరు నేర్పుతారా, పరీక్ష చేస్తారా? రెండూ ఒకే పిల్లాడికి చేయకపోతేనే మంచిది. నేర్పినాయనకి పిల్లాడి మీద ప్రేమ పుడుతుంది, వాడు తడబడితే మనసులోనే "అబ్బా, నిన్న చేశాడు కదా" అనుకుని సంతకం పెట్టేస్తాడు. పరీక్ష చేసే మనిషిని అసోసియేషనే వేరుగా నియమిస్తుంది, అందులో అర్థం ఉంది.

పరీక్ష చేసేటప్పుడు నిర్వచనాలు అడగొద్దు. "ఎర్తింగ్ అనగానేమి" అంటే బట్టీ పట్టి చెప్పేస్తారు. ఒక ప్లగ్గు, స్క్రూడ్రైవరు, మూడు రంగుల వైరు ముక్క బల్ల మీద పెట్టి బిగించమనండి, బిగించాక పట్టుకుని లాగి చూడండి. కరెంటు లేని బోర్డు మీదే సుమా. మన పాత మేస్త్రీలకి ఇంకో జబ్బు ఉంటుంది, సిలబస్‌లో ఉన్నది చేసి చూపించినా "ఇదేం పని, మా రోజుల్లో మోటారు వైండింగే చేసేవాళ్లం" అని ఇంకా ఏదో చేయమంటారు. అమెరికా స్కౌట్స్‌లో దీని గురించి గట్టి నియమం ఉంది: మెరిట్ బ్యాడ్జ్ కౌన్సెలర్, అంటే బ్యాడ్జ్‌కి సంతకం పెట్టే పెద్దాయన, రాసి ఉన్నదానికి ఒక్కటి కలపకూడదు, ఒక్కటి తగ్గించకూడదు. అక్కడ అన్నిటికన్నా పై మెట్టు, ఈగిల్ స్కౌట్, కావాలంటే 21 మెరిట్ బ్యాడ్జీలు కావాలి, ఒక్కో కౌన్సెలరూ తన ఇష్టం వచ్చినట్టు కలుపుకుంటూ పోతే పిల్లాడు పెద్దాడైపోతాడు. ఆ నియమం మనకీ పనికొస్తుంది. వైండింగ్ ముచ్చట సంతకం పెట్టాక చెప్పండి, వింటారు.

అంకుల్, నేను ఎనిమిదో తరగతి. బోలైన్ ముడి రెండుసార్లు తప్పాను. నా ఫ్రెండ్‌కి వెనక నుంచి వేరేవాడు చెప్పాడు, వాడు పాసయ్యాడు. నేను మానేయనా? – కంచరపాలెం

మానేయకు. నీ ఫ్రెండ్ సంగతి వదిలెయ్, వాణ్ణి రేపు క్యాంపులో ఎవరైనా ముడి వేయమంటే వాడే చూసుకుంటాడు.

నువ్వు ఏ తాడుతో ప్రాక్టీస్ చేస్తున్నావో రాయలేదు. సన్నటి నైలాన్ తాడైతే పక్కన పడెయ్, అది జారుతుంది, ముడి కుదిరిందో లేదో చూపించదు. వేలంత లావు నూలు తాడు తీసుకో. ముడిని బల్ల మీద పెట్టి కాదు, నీ నడుం చుట్టూ వేసుకుని ప్రాక్టీస్ చెయ్, ఎందుకంటే బోలైన్ అసలు పని అదే, గోతిలోనో నీళ్లలోనో ఉన్న మనిషికి బిగుసుకోని ఉచ్చు వేసి పైకి లాగడం. చేయి తిరిగాక కళ్లు మూసుకుని వెయ్. ఒక ఆదివారం మీ నాన్నతో ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లు. వలలు బాగుచేసుకుంటూ కూర్చున్న తాతల్లో ఒకరిని అడిగితే వేసి చూపిస్తారు. వాళ్లు పేరు వేరేగా చెప్పొచ్చు, వేసే తీరూ కాస్త తేడాగా ఉండొచ్చు, కంగారు పడకు. తాడు కొస ఎటు నుంచి ఎటు పోతోందో చూడు. మళ్లీ పరీక్షకి వెళ్లినప్పుడు "సార్, ఇంకోసారి చూడండి" అని అడగడానికి మొహమాటపడకు.

మా పాపకి టైలరింగ్ బ్యాడ్జ్ నేర్పుతానని ఒకాయన ఆదివారాలు ఇంటికి పంపమంటున్నారు. మంచాయనే అని అందరూ అంటున్నారు. పంపొచ్చా? – పేరు వద్దన్నారు

ఒంటరిగా పంపకండి. ఆయన మంచాయనే కావచ్చు, మనిషి మంచిచెడ్డల మీద కాదు నేను చెప్పేది, పద్ధతి మీద. ఏ పెద్దా ఏ పిల్లతోనూ నలుగురి కంటపడని చోట ఒక్కరే ఉండకూడదు. అమెరికా స్కౌట్స్‌లో రిజిస్టరైన ఇద్దరు పెద్దవాళ్లు, అదీ 21 ఏళ్లు దాటినవాళ్లు, లేకుండా ఏ కార్యక్రమమూ జరపకూడదని రాసి పెట్టుకున్నారు. మన దగ్గర గైడ్స్‌కి, అంటే ఆడపిల్లల విభాగానికి, గైడ్ కెప్టెన్‌గా ఆడవాళ్లే ఉంటారు, ముందు ఆవిడకి చెప్పండి. నేర్పేది స్కూల్లోనో కమ్యూనిటీ హాల్లోనో పెట్టమనండి, ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి వెళ్లాలి, మీలో ఒకరు అక్కడే కూర్చోవాలి. నిజంగా నేర్పాలనుకునే మనిషి దీనికి నొచ్చుకోడు. నొచ్చుకుంటే ఇంకొకరిని చూసుకోండి. పాపకి పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు కూడా చెప్పి ఉంచండి.

స్కౌట్స్ వల్ల ఉద్యోగం వస్తుందా? – గోపాలపట్నం

రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉంది. దానికి రాష్ట్రపతి అవార్డు గానీ స్కౌట్ మాస్టర్ల లాంటి పెద్దవాళ్లు శిక్షణ పూర్తి చేస్తే ఇచ్చే హిమాలయ వుడ్ బ్యాడ్జ్ గానీ ఉండాలి, ఇంకొన్ని షరతులూ ఉంటాయి, నోటిఫికేషన్ వచ్చినప్పుడు చదువుకోండి. పోస్టులు కొన్నే. పదేళ్ల పిల్లాణ్ణి దానికోసమే చేర్పించేటట్టయితే ఇప్పుడే వద్దు.

ఈత బ్యాడ్జ్ కోసం మావాణ్ణి పొద్దున్నే ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తున్నాను. ఎన్నాళ్లు పడుతుంది? – చినవాల్తేరు

రేపటి నుంచి తీసుకెళ్లకండి. అక్కడ పైకి నీళ్లు నెమ్మదిగా కనబడినా లోపలికి లాగేసే ప్రవాహాలు ఉంటాయి, బాగా ఈదేవాళ్లే పోయారు. కోచ్, లైఫ్‌గార్డ్ ఉన్న స్విమ్మింగ్ పూల్లో చేర్పించండి, పరీక్ష కూడా అలాంటి చోటే పెట్టమని అడగండి. రోజూ వెళ్లే పిల్లాడైతే భయం పోవడానికి కొన్ని వారాలు, దూరం ఈదడానికి ఇంకొన్ని నెలలు అనుకోండి.