తెలుగు పేపర్లో కొటేషన్లలో వచ్చే మాటలు ప్రధాని అన్నవేనా?

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడల్లో మనం తెలుగు పేపర్లో చదివే ప్రధాని మాటలు చాలావరకు అనువాదాలే, ఆయన నోటివెంట అచ్చంగా వచ్చినవి కావు. ప్రధాని ఎక్కువగా హిందీలో మాట్లాడతారు. కేంద్ర సమాచార, ప్రసార శాఖ కింద పనిచేసే పత్రికా సమాచార కార్యాలయం, అదే పీఐబీ, ఆ ప్రసంగాలను ఇంగ్లీషులోకి, ప్రాంతీయ భాషల్లోకి మార్చి విలేకరులకు ఇస్తుంది. మూల ప్రసంగం హిందీలో సాగిందని, ఇది ఇంచుమించు అనువాదమని ఆ ప్రతుల్లో తరచూ ఒక గమనిక కూడా పెడుతుంది. పేపర్లో అచ్చయ్యేసరికి సాధారణంగా ఆ ముక్క ఉండదు. అసలు చిక్కంతా అక్కడే.

2014 అక్టోబరు 3న మొదలైన ప్రధాని రేడియో కార్యక్రమం మన్ కీ బాత్‌నే తీసుకోండి. హిందీ ప్రసారం కాగానే ఆకాశవాణి దాన్ని ప్రాంతీయ భాషల్లో వేస్తుంది. తెలుగులో వినిపించే గొంతు ప్రధానిది కాదు.

ఒడియా పేపర్లో ఒక మాట, తెలుగు పేపర్లో ఇంకో మాట కనిపిస్తే ఎవరో కావాలని వక్రీకరించారని మనవాళ్లు అనుకుంటారు. చాలాసార్లు అది ఇద్దరు అనువాదకులు ఎంచుకున్న మాటల్లో తేడా, అంతే. అనుమానం వస్తే పీఐబీ వెబ్‌సైట్‌లో హిందీ ప్రతి చూడండి.