టెక్ సందేహాలు: ప్రయాణంలో వీడియో ఎడిటింగ్‌కి చిన్న ల్యాప్‌టాప్

ప్రశ్న: మిర్రర్‌లెస్ కెమెరాతో 4కే వీడియోలు తీస్తుంటానండీ. ఎక్కువ తిరిగే పని, రైల్లో కూర్చునే ఎడిట్ చేసుకోవాల్సొస్తుంది. 13 లేదా 14 అంగుళాల ల్యాప్‌టాప్ కావాలి. గ్రాఫిక్స్ కార్డ్ తప్పనిసరిగా ఉండాలా? ర్యామ్ ఎంత తీసుకోవాలి? ఇప్పుడున్న దాంట్లో టైమ్‌లైన్ (క్లిప్‌లు పేర్చే వరస) అస్సలు కదలట్లేదు.

జవాబు: ల్యాప్‌టాప్ సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు మీ కెమెరా మెనూలోకెళ్లి అది ఏ ఫార్మాట్‌లో రికార్డ్ చేస్తోందో చూడండి. చాలామంది ప్రాసెసర్ ఏంటి, కోర్లెన్ని, గ్రాఫిక్స్ కార్డ్ ఏ నంబరు అని మాత్రమే చూసి కొనేస్తారు, తీరా క్లిప్ వేసి ప్లే నొక్కితే ఆగి ఆగి నడుస్తుంది. ఎందుకంటే కెమెరా ఇచ్చే హెచ్.264, హెచ్.265 (వీడియోని కుదించి దాచే పద్ధతులు) ఫైళ్లలో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండదు, చాలా ఫ్రేముల్లో పక్క ఫ్రేములతో ఉన్న తేడాలు మాత్రమే దాచిపెడతారు, అందుకే మీరు టైమ్‌లైన్ మధ్యలో ఎక్కడైనా నొక్కితే ఆ ఒక్క బొమ్మ చూపించడానికి చుట్టుపక్కల బోలెడు ఫ్రేముల్ని విప్పాలి. ఈ పనికి చిప్‌లోనే విడిగా ఒక భాగం ఉంటుంది, మీడియా ఇంజిన్ అంటారు. మీ ఫార్మాట్ దానికి చేతనైతే చిన్న ల్యాప్‌టాప్ కూడా హాయిగా నడుస్తుంది, చేతకాకపోతే ఆ భారం మొత్తం ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ మోత, వేడి, బ్యాటరీ ఖాళీ.

ఫార్మాట్ పేరులో బిట్లు రంగుల షేడ్లు ఎన్నో చెప్తాయి, 4:2:0 లాంటి అంకెలు రంగు వివరం ఎంత దాచారో చెప్తాయి. 8-బిట్ 4:2:0 ఫైళ్లయితే ఈమధ్య వచ్చిన ఏ చిప్‌కైనా పెద్ద కష్టం కాదు. అసలు చిక్కు 10-బిట్ 4:2:2తో వస్తుంది, చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో మంచి క్వాలిటీ మోడ్ అదే. హెచ్.265లో ఈ రకాన్ని 2020లో వచ్చిన యాపిల్ ఎం1 నుంచి, ఇంటెల్‌లో 11వ తరం నుంచి చిప్పే నేరుగా చూసుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డులు చేసే ఎన్విడియాలో మాత్రం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ దాకా ఆ సౌకర్యం లేదు. అంటే ఖరీదైన పాత గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నా ఈ ఒక్క పనిలో అది సాయం చెయ్యదు, ఇంటెల్ చిప్‌లో ఊరికే కలిసొచ్చే గ్రాఫిక్సే చేస్తుంది. ఇది తెలియకే ఎంతమంది డబ్బు పోసేస్తున్నారో అనిపిస్తుంది నాకు. కలర్ గ్రేడింగ్ (రంగులు తీర్చిదిద్దడం), నాయిస్ (బొమ్మలో గరుకుదనం) తగ్గించడం, ఎఫెక్టులు ఎక్కువ వాడేవాళ్లకి గ్రాఫిక్స్ కార్డ్ నిజంగా కావాలి, మామూలు కటింగ్, టైటిల్స్, కొంచెం కలర్ వరకైతే అక్కర్లేదు.

ఇంకోటి, రైల్లో ఎడిట్ చేస్తానన్నారు కదా, అక్కడ ప్లగ్ దొరకదనే లెక్క వేసుకోండి. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి ఛార్జర్ తీయగానే స్పీడ్ బాగా పడిపోతుంది, యాపిల్ చిప్పుల్లో ఆ తేడా చాలా తక్కువ. పైగా ఒకే పేరున్న గ్రాఫిక్స్ చిప్ అన్ని ల్యాప్‌టాప్‌ల్లో ఒకేలా పనిచెయ్యదు, ఆర్‌టీఎక్స్ 4060నే తీసుకుంటే ల్యాప్‌టాప్‌ని బట్టి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఉంటుంది, సన్నటి వాటికి తక్కువ వాట్లే దక్కుతాయి. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యాన్ ఉండదు, చిన్న వీడియోలకి చక్కగా సరిపోతుంది గానీ అరగంట, గంట ఎక్స్‌పోర్టులు (పూర్తయిన వీడియోని ఫైలుగా తీయడం) పెడితే వేడెక్కి నెమ్మదిస్తుంది, అలాంటి పని ఉంటే ఫ్యాన్ ఉన్న 14 అంగుళాలదే తీసుకోండి, కాస్త బరువెక్కినా.

ర్యామ్ 16 జీబీ కంటే తక్కువ వద్దు, వీలైతే 24 లేదా 32. చిన్న ల్యాప్‌టాప్‌ల్లో చాలావరకు ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, తర్వాత వేయించుకుందాంలే అంటే కుదరదు. స్క్రీన్ 16:10 (నిలువు కాస్త ఎక్కువుండేది) అయితే టైమ్‌లైన్‌కి చోటు కలిసొస్తుంది. స్పెసిఫికేషన్‌లో స్క్రీన్ ఎన్ని రంగులు చూపిస్తుందో చెప్పే చోట 45% ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటే మాత్రం వదిలెయ్యండి, రంగులు పాలిపోయి కనిపిస్తాయి, 100% ఎస్‌ఆర్‌జీబీ కావాలి.

అన్నట్టు కొత్తది కొనేముందు ఇప్పుడున్న దాంట్లోనే ప్రాక్సీలు (క్లిప్‌ల తేలికైన కాపీలు) పెట్టి చూడండి. ప్రీమియర్, డావిన్చీ రిజాల్వ్, ఫైనల్ కట్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు మూడింట్లోనూ ఈ సౌకర్యం ఉంది, తక్కువ రిజల్యూషన్ కాపీల మీద ఎడిట్ చేసుకుంటే ఎక్స్‌పోర్ట్‌కి ఒరిజినల్సే వాడుకుంటుంది. కొందరికి దీంతోనే పని అయిపోతుంది.

ప్రశ్న: స్టోరేజ్ తక్కువున్న ల్యాప్‌టాప్ కొని, ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద నుంచే ఎడిట్ చెయ్యొచ్చా?

జవాబు: ఎస్‌ఎస్‌డీ అయితే నిక్షేపంగా చెయ్యొచ్చు, తిరిగే హార్డ్ డిస్క్ అయితే వద్దు, బ్యాకప్‌కి ఉంచుకోండి. కెమెరాలో 100 ఎంబీపీఎస్ (సెకనుకి 100 మెగాబిట్లు) పెట్టి తీస్తే గంటకి 45 జీబీ అవుతుంది, కాబట్టి ల్యాప్‌టాప్‌లో ఎంతున్నా ఎలాగూ నిండుతుంది. పోర్ట్ మాత్రం గమనించండి, చూడ్డానికి అన్ని యూఎస్‌బీ-సీ పోర్టులూ ఒకేలా ఉంటాయి, ఒకటి 5 జీబీపీఎస్ (సెకనుకి గిగాబిట్లు), ఇంకోటి 10, థండర్‌బోల్ట్ 4 అయితే 40. కేబుల్ కూడా అంతే, ఛార్జర్‌తో వచ్చినవి చాలావరకు యూఎస్‌బీ 2.0 స్పీడ్‌వే, దాంతో కలిపి ఎస్‌ఎస్‌డీ స్లోగా ఉందని అనుకోకండి. మ్యాక్, విండోస్ రెండూ వాడేవాళ్లు డిస్క్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంటే మ్యాక్ చదువుతుంది గానీ మామూలుగా దాని మీద రాయలేదు.