మొదటి సెమిస్టర్‌లోనే రూ.16,000 ఎక్కువ ఖర్చయింది, నాన్నకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: మాది సత్తుపల్లి. నాన్నకు చిన్న కిరాణా కొట్టు ఉంది. నేను హైదరాబాద్ శివార్లలో బీటెక్ ఫస్టియర్ చదువుతున్నాను. ఈమధ్యే మొదటి సెమిస్టర్ అయిపోయింది. ఫీజుకు ఏటా లక్ష చొప్పున మొత్తం నాలుగు లక్షల ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాం. హాస్టల్ ఫీజు నాన్నే కడతారు. చేతిఖర్చులకు నెలకు రూ.5,000 పంపుతారు, అది ఇరవయ్యో తేదీకల్లా ఖాళీ అవుతోంది. ఐదు నెలల్లో రూ.25,000 వస్తే, ఖర్చు రూ.41,000 అయింది. తేడా కోసం అమ్మ దగ్గర రూ.6,000, రూమ్మేట్ దగ్గర రూ.4,000 తీసుకున్నాను. పే లేటర్ యాప్‌లో ఇంకో రూ.6,000 వాడాను. నాన్నకు ఇంకా చెప్పలేదు. ఇలాగైతే నాలుగేళ్లు ఎలా నెట్టుకురావాలో అని టెన్షన్‌గా ఉంది. సీనియర్లేమో ఇప్పటి నుంచే నెలకు రూ.1,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత మదుపు) చేయమంటున్నారు. నా ఖర్చుల లెక్క జత చేశాను. ఏం చేయమంటారు? అన్నట్టు, అటెండెన్స్ 71 శాతమే ఉండటంతో కండోనేషన్ ఫీజు (హాజరు తగ్గినా మినహాయింపు ఇవ్వడానికి తీసుకునే ఫీజు) కట్టాం.

జవాబు: ముందు మీరు పంపిన లెక్కనే చూద్దాం. ఎందుకంటే అందులో మీరు అనుకుంటున్నంత ఘోరం ఏమీ లేదు.

పరుపు, తలగడ, బకెట్లు, డ్రాఫ్టర్, సైంటిఫిక్ కాలిక్యులేటర్, ల్యాబ్ ఏప్రన్, షూ అన్నీ కలిపి రూ.11,500. ఇవి మళ్లీ కొనాల్సిన పని లేదు. డ్రాఫ్టర్ (ఇంజినీరింగ్ బొమ్మలు గీసే పరికరం) అయితే గ్రాఫిక్స్ సబ్జెక్టు అయిపోగానే జూనియర్లకు సగం ధరకు అమ్ముకోవచ్చు కూడా. ఫోన్ డిస్‌ప్లే పగిలి మార్పించడానికి రూ.3,500. ఈ రెండూ కలిపితే రూ.15,000. వీటిని పక్కన పెడితే ఐదు నెలలకు మిగిలిన ఖర్చు రూ.26,000, అంటే నెలకు రూ.5,200. నాన్న పంపేది రూ.5,000. అసలు రోజువారీ ఖర్చులో మీరు గీత దాటింది నెలకు రెండు వందలు! మీది దుబారా కాదు. హాస్టల్లో చేరేటప్పుడు సామాన్లకు విడిగా డబ్బు కావాలన్న సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు, అంతే. ఇంటి నుంచి మొదటిసారి బయటికొచ్చిన పిల్లల లెక్కలు చాలావరకు ఇలాగే ఉంటాయి. తల్లిదండ్రులేమో మొత్తం చూసి కంగారుపడతారు.

అలాగని రెండో సెమిస్టర్ దానంతటదే సర్దుకుంటుందని చెప్పను. తిండి కింద రూ.12,000 రాశారు. మెస్ డబ్బులు హాస్టల్ ఫీజులోనే కట్టేశారు కదా, మరి ఈ పన్నెండు వేలు ఎక్కడివి? స్టేట్‌మెంట్‌లో ఆ ఎంట్రీలు చూశాను. అన్నీ అరవై, ఎనభై, నూట ఇరవై. దాదాపు అన్నీ రాత్రి తొమ్మిదిన్నర తర్వాతివే, అందులోనూ మంగళ, గురువారాలే ఎక్కువ. పక్కన మీరే రాశారు, ఆ రెండు రోజులూ మెస్‌లో సొరకాయ కూర, నీళ్ల సాంబారు అని. కాబట్టి ‘బయటి తిండి మానేయండి’ అని సలహా ఇస్తే వారం కూడా నిలబడదు. ఇంటి నుంచి గోంగూర పచ్చడి, కందిపొడి, ఓ సీసా నెయ్యి తెచ్చుకోండి. ఆ రెండు రాత్రులూ మెస్ అన్నంలోకి అవి చాలు. ఇందులో సగం తగ్గినా నెలకు రూ.1,200 మిగులుతుంది. ఫ్రెషర్స్ డే, పుట్టినరోజుల కింద రూ.6,500 అయింది. ఫ్రెషర్స్ డే మళ్లీ రాదు. పుట్టినరోజులు మాత్రం ఏటా వస్తాయి, పైగా స్నేహితులు పెరుగుతారు. కేక్‌కు తలా ఇంత అని ముందే ఒక మాట అనుకుంటే మంచిది. ప్రయాణాల రూ.5,000, జిరాక్సులు, రికార్డుల రూ.2,500 జోలికి వెళ్లొద్దు.

ఇక అప్పులు. ముందుగా తీర్చాల్సింది యాప్‌ది. పే లేటర్ అంటే చాలాచోట్ల వెనకాల ఒక ఎన్‌బీఎఫ్‌సీనో (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) బ్యాంకో ఇచ్చే లోనే. గడువు దాటితే లేట్ ఫీజు పడుతుంది, ఆ ఆలస్యం క్రెడిట్ రిపోర్టులోకీ (మన అప్పుల చరిత్ర) ఎక్కొచ్చు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం డిజిటల్ లోన్ ఇచ్చేవాళ్లు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలి. అన్ని చార్జీలూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. యాప్‌లో దాన్ని తెరిచి చూడండి. బాకీ కట్టేశాక ఆ ఖాతా మూసేయండి. ఊరికే ఉంచితే మళ్లీ వాడతారు. తర్వాత రూమ్మేట్. ఆ అమ్మాయికీ ఇంటి నుంచి వచ్చే డబ్బే కదా, ఆలస్యం చేయొద్దు. అమ్మ అడగదు కాబట్టి అది అప్పు కాదని మాత్రం అనుకోకండి. ఖర్చు తగ్గాక నెలకు ఐదొందల చొప్పున తిరిగి ఇవ్వండి.

యాప్‌కూ రూమ్మేట్‌కూ కావాల్సిన రూ.10,000 నాన్ననే అడగండి. ఇంకో యాప్‌లో తీసి ఈ యాప్‌కు కట్టే పని మాత్రం చేయొద్దు. ‘డబ్బులు అయిపోయాయి నాన్నా’ అని ఫోన్లో చెప్పకుండా, ఇంటికెళ్లినప్పుడు పైన నేను విడదీసినట్టే కాగితం మీద రాసి చూపించండి. కొట్టు నడిపే మనిషికి ఒక్కసారి పెట్టే ఖర్చుకీ, నెలనెలా అయ్యే ఖర్చుకీ తేడా మీకన్నా, నాకన్నా బాగా తెలుసు.

నెల డబ్బు ఒక్కసారే చేతికొస్తే ఇరవయ్యో తేదీకల్లా ఖాళీ అవుతోందని రాశారు. అందుకే రూ.1,000 ప్రయాణాలకు పక్కన పెట్టి, మిగతాది వారానికి రూ.1,000 చొప్పున యూపీఐ లైట్‌లో (యూపీఐ యాప్‌లోనే ఉండే చిన్న వాలెట్) వేసుకోండి. ఖాళీ కాగానే దానంతటదే డబ్బు నింపే ఆటో టాపప్ ఆపేయండి. పిన్ అడగదు కాబట్టి ఇంకా ఎక్కువ ఖర్చవుతుందేమో అనిపించొచ్చు. కానీ ఆ వారానికి ఎంత మిగిలిందో ఎప్పటికప్పుడు కళ్లకు కనబడుతుంది. యూపీఐ సర్కిల్ ద్వారా నాన్న ఖాతా నుంచే మీరు చెల్లించే సదుపాయం కూడా ఉంది గానీ, నేనైతే వద్దనే అంటాను. మీరు సమోసా తిన్న ప్రతిసారీ ఆయన ఫోన్ మోగితే ఇద్దరికీ చిరాకే.

సిప్ సంగతి. నెలకు రూ.1,000 మీ దగ్గర ఇప్పుడు లేదు. అప్పు చేసిన డబ్బుతో మదుపు చేయడం తెలివైన పని కాదు. పైగా మీకు ఎడ్యుకేషన్ లోన్ ఉంది. కోర్సు నాలుగేళ్లు, ఆపైన ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు నిజమే. వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. 9.5 శాతం అనుకుంటే, ఏటా లక్ష చొప్పున తీసుకున్న నాలుగు లక్షల మీద ఐదేళ్లకు సాధారణ వడ్డీయే రూ.1,33,000. అది అసలులో కలిసి, ఈఎంఐ మొదలయ్యే నాటికి బాకీ రూ.5.33 లక్షలు అవుతుంది. ఈ ఏడాది తీసుకున్న లక్ష మీద వడ్డీ నెలకు దాదాపు రూ.790. చేతిలో వెయ్యి మిగిలిన రోజున మొదట దానికి కట్టండి. చదువుకునే రోజుల్లోనే వడ్డీ కడుతుంటే కొన్ని బ్యాంకులు రేటు కొంత తగ్గిస్తాయి, అదీ అడగండి. సీనియర్లు సిప్ దగ్గర ఆగితే ఫర్వాలేదు. ఆప్షన్స్ ట్రేడింగ్ (షేర్ల ధర పెరుగుతుందా, తగ్గుతుందా అని పందెం కాసినట్టుండే వ్యాపారం) అంటే మాత్రం దణ్ణం పెట్టి లేచి వచ్చేయండి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో దిగిన చిన్న మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది.

మీ ఉత్తరం చివర్లో, అటెండెన్స్ 71 శాతమే ఉండటంతో కండోనేషన్ ఫీజు కట్టామని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ ఫీజు మీ రూ.41,000లో ఎక్కడా లేదు. నాన్నే కట్టి ఉంటారు. జేఎన్‌టీయూహెచ్ నిబంధనల్లో 75 శాతం ఉండాలి. 65కు తగ్గితే డిటైన్ చేస్తారు (ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి), అప్పుడు ఫీజు కట్టినా లాభం లేదు. డిటైన్ అయితే ఆ సెమిస్టర్ హాస్టల్ ఖర్చు మళ్లీ మొదటి నుంచి, లోన్ వడ్డీ అదనం, ఉద్యోగం కూడా వెనక్కి. మీ లెక్కలో అన్నిటికన్నా ఖరీదైన ఐటమ్ అదే. మాగీ, సమోసాలు దాని ముందు ఏపాటి?

ఇంకొక్క పని, ఇది నాన్నతో కలిసి చేయాలి. కుటుంబ వార్షికాదాయం రూ.4.5 లక్షల లోపు ఉండి, న్యాక్ లేదా ఎన్‌బీఏ (కాలేజీలు, కోర్సుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థలు) గుర్తింపున్న చోట టెక్నికల్ కోర్సు చదువుతుంటే, వాయిదాలు లేని కాలానికి వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. మధ్యలో చదువు మానేస్తే అది వర్తించదు. అంతకన్నా ఎక్కువ, ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉంటే పీఎం విద్యాలక్ష్మి కింద రూ.10 లక్షల వరకు లోన్లకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది గానీ, మీ కాలేజీ దాని జాబితాలో ఉండాలి. సెలవులు అయిపోయేలోగా మీసేవలో ఆదాయ ధ్రువీకరణ పత్రం తీసుకుని, లోన్ ఇచ్చిన బ్రాంచికి వెళ్లి అడగండి. మొదటి పథకం కింద వడ్డీ మొత్తం కేంద్రమే భరిస్తే నెలకు రూ.790 గురించి నేను చెప్పినదంతా మరిచిపోవచ్చు.