దానిమ్మ: తోటలోనూ, పళ్లెంలోనూ (పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు)

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం ప్రాంతం. నాలుగు ఎకరాల ఎర్రనేలలో భగవా రకం దానిమ్మ పెట్టి మూడేళ్లయింది. కిందటి జూన్‌లో నీళ్లు కట్టి కాపు తీసుకుంటే, ఆగస్టుకల్లా కాయల మీద నూనె మరకల్లాంటి నల్లమచ్చలు లేచి, అక్కడే పగుళ్లు వచ్చాయి. దుకాణంలో ఇచ్చిన మందులన్నీ కొట్టాను. ఇంకేం కొట్టాలి?

సమాధానం: మీరు చెప్పిన లక్షణాలు బ్యాక్టీరియా మచ్చ తెగులువి. ఆకుల మీద మొదట నీటితో తడిసినట్టున్న చిన్న మచ్చలు, వాటి చుట్టూ పసుపు వలయం, కాయ మీద మచ్చ మధ్యలో అడ్డదిడ్డంగా చీలిన పగులు కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. అయితే మందు కంటే ముందు కాపు కాలం గురించి మాట్లాడుకోవాలి. జూన్, జులై నెలల్లో పూత తెప్పించే మృగ్ బహార్‌లో లేత కాయ పెరిగే రోజులు సరిగ్గా వానల్లోనే పడతాయి. ఈ బ్యాక్టీరియా వాన చినుకుల తుంపరతో ఒక కొమ్మ నుంచి మరో కొమ్మకు, గాలివానతో ఒక తోట నుంచి మరో తోటకు పాకుతుంది. వెచ్చదనం, గాలిలో తేమ రెండూ ఉన్నప్పుడు విజృంభిస్తుంది. ఆ వాతావరణంలో ఎన్ని మందులు కొట్టినా, తర్వాతి వానకు మళ్లీ మొదటికే వస్తుంది.

కనుక కాపును వానలు లేని పొడి కాలం వైపు జరపండి. దానిమ్మకు ఉన్న పెద్ద సౌకర్యం, నీళ్లు ఆపి, ఆకు రాల్చి, తేలికగా కత్తిరించి, ఎరువులు వేసి మళ్లీ నీళ్లు పెడితే మనం కోరిన కాలంలో పూత రావడం. సెప్టెంబరు, అక్టోబరుల్లో పూత తెప్పించే హస్త బహార్ మచ్చ తెగులును తప్పించుకోవడానికి మేలైనదే కానీ, అనంతపురం వైపు ఎక్కువ వాన పడేదే ఆ నెలల్లో కాబట్టి చెట్టును ఎండబెట్టడం అనుకున్నంత సులువు కాదు. ఇథ్రెల్ అనే మందుతో ఆకు రాల్చి, వానలు తగ్గుముఖం పట్టాక నీళ్లు మొదలుపెట్టడం మీకు నప్పుతుంది. ఇథ్రెల్ మోతాదును చెట్టు వయసును, నేలలో తేమను చూసి ఉద్యాన అధికారితో నిర్ణయించుకోండి. పూత నుంచి కోతకు అయిదారు నెలలు పడుతుంది గనుక మార్చి, ఏప్రిల్ దాకా, ఆలస్యంగా మొదలుపెడితే మే దాకా మీ బోరు నీళ్లిస్తుందా లేదా అన్నది ముందే చూసుకోండి. నీళ్లు చాలవనిపిస్తే నాలుగెకరాల్లోనూ కాపు వదలకుండా, కొంత భాగానికి విశ్రాంతి ఇవ్వడమే తెలివైన పని.

ఇప్పుడు తోటలో చేయవలసింది శుభ్రత. రాలిన ఆకులను, మచ్చ కాయలను ఏరి తగలబెట్టండి. తెగులు సోకిన కొమ్మలను మచ్చకు రెండంగుళాల కింద కత్తిరించి, కత్తిరింపు గాయాలకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. కత్తిరింపులకు వచ్చే కూలీలు ఊరూరి తోటల్లో ఒకే కత్తెరతో పని చేస్తుంటారు. చెట్టుకూ చెట్టుకూ మధ్య కత్తెరను ఒక శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ముంచమని గట్టిగా చెప్పండి. తర్వాత కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీటితో తయారయ్యే ఒక శాతం బోర్డో మిశ్రమాన్ని పిచికారీ చేయండి. ఖాళీలు పూడ్చడానికి అంట్లు తెచ్చేటప్పుడు అవి తీసిన తల్లి తోటను కళ్లారా చూడకుండా డబ్బు కట్టవద్దు. షోలాపూర్‌లోని జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రం కూడా తెగులు లేని నాటుమొక్కలకే మొదటి ప్రాధాన్యం ఇస్తుంది.

ప్రశ్న: హైదరాబాదులో మా మేడ మీద కుండీలోని దానిమ్మ ఎర్రగా పూస్తుంది, పూలన్నీ రాలిపోతాయి. నిలిచిన ఒకటి రెండు కాయలు పుచ్చిపోతున్నాయి.

సమాధానం: పూలను పక్కనుంచి చూడండి. అడుగు సన్నగా, గంట ఆకారంలో ఉన్నవి మగపూలు. అవి రాలడం సహజం. అడుగు బొద్దుగా, చిన్న కూజాలా ఉన్నవే కాయ కడతాయి. ఇవి తక్కువగా ఉంటే ఎండ చాలడం లేదని, లేదా నత్రజని ఎక్కువవుతోందని అనుమానించాలి. ఒకరోజు ఎండగట్టి మరునాడు ముంచెత్తే అలవాటు ఉంటే మానండి. పూత రాలడానికీ, పండబోయే కాయ పగలడానికీ అదే ముఖ్య కారణం. కాయ పుచ్చడం కాయతొలిచే పురుగు పని. సీతాకోకచిలుక పూల మీద, పిందెల మీద గుడ్లు పెడుతుంది. పిందె నిమ్మకాయంత కాకముందే పలుచని గుడ్డ సంచి కట్టండి, మేడ మీది చెట్టుకు అది చాలు.

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు, హిమోగ్లోబిన్ 9 ఉంది. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలతో కడుపులో వికారంగా ఉందని మా అత్తగారు వాటిని మాన్పించి, రక్తం పడుతుందని రోజూ దానిమ్మ రసం ఇస్తున్నారు. సరిపోతుందా? (వరంగల్ నుంచి ఒక తల్లి)

సమాధానం: సరిపోదు. మాత్రలు ఆపడం ప్రమాదకరం కూడా. పండు రంగు రక్తం రంగులో ఉండటం వల్ల మనలో ఈ నమ్మకం బాగా నాటుకుంది. ఆసుపత్రికి చూడబోయేవారి సంచిలో దానిమ్మ పండ్లు తప్పనిసరి కావడమూ అందుకే. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టిక ప్రకారం 100 గ్రాముల దానిమ్మ గింజల్లో ఇనుము సుమారు 0.3 మిల్లీగ్రాములు మాత్రమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం వయోజన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. మీ అమ్మాయి స్థాయి మధ్యస్థ రక్తహీనత కిందికి వస్తుంది, దాన్ని పండుతో పూడ్చలేం. వికారం సంగతి డాక్టరుకు చెబితే మాత్ర రకమో, మోతాదో, వేసుకునే వేళో మారుస్తారు. మాత్రకు దగ్గరగా టీ, కాఫీ ఇవ్వవద్దు. తోటకూర, పప్పులు, తినేవారైతే మాంసం, వాటితో నిమ్మరసం లాంటి విటమిన్ సి ఉన్న పదార్థం చేర్చండి. అత్తగారి మాట పూర్తిగా తీసేయనక్కర్లేదు. మాత్రలు కొనసాగిస్తూ గుప్పెడు గింజలు తినడం మంచిదే.

ప్రశ్న: నాకు మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. దానిమ్మ రసం గుండెకు మంచిదంటారు, రోజూ తాగవచ్చా? తొక్క కషాయం కూడా మంచిదేనా? (గుంటూరు)

సమాధానం: గింజలు తినండి, రసం వద్దు. 100 గ్రాముల గింజల్లో నాలుగు గ్రాముల పీచు ఉంటుంది. పావు లీటరు రసంలో దాదాపు 30 గ్రాముల చక్కెర ఉంటుంది, పీచు లేనట్టే. రసం తాగినవారిలో పై రక్తపోటు కొద్దిగా తగ్గినట్టు కొన్ని పరీక్షల్లో తేలిన మాట నిజమే కానీ, ఆ కొద్దిపాటి తగ్గుదల మీ మాత్రకు బదులు కాదు. దానిమ్మలోని, మొక్కల్లో సహజంగా తయారయ్యే పదార్థాలైన పాలీఫినాల్స్‌ను మన పేగుల్లోని సూక్ష్మజీవులు మార్చిన తర్వాత ఏర్పడే పదార్థాలకు కొన్ని మేళ్లున్నాయంటారు గానీ, అవి అందరి పేగుల్లోనూ ఒకే తీరుగా తయారు కావు. మూత్రపిండాల జబ్బు ఉంటే పొటాషియం కారణంగా, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడుతుంటే ఆ మందు ప్రభావం మారే అవకాశం కారణంగా డాక్టరును అడిగే తినాలి. తొక్కలో టానిన్లు అనే వగరు పదార్థాలు ఎక్కువ. రోజూ కషాయంగా తాగడాన్ని నేను సమర్థించను. వేరు బెరడు జోలికి అసలు పోవద్దు, పూర్వం బద్దెపురుగులకు వాడిన ఆ బెరడులోని పదార్థాలు విషపూరితం. కొనేటప్పుడు బరువుగా, గుండ్రదనం తగ్గి పలకలు తేరిన పండు ఎంచుకోండి. కోసిన తర్వాత దానిమ్మ మరింత పండదు కాబట్టి పచ్చిది తెచ్చి మాగబెట్టి లాభం లేదు.